కంటి కింది సుడి

అల్ ఖర్జ్,
4 జనవరి 2004, ఆదివారం

బావ అల్లాబకాషుకు పీర్ సాహెబు సలాం.

నేను బాగున్నాను. నా చేతికింద ఉండే పన్నెండు గుర్రాలూ బాగున్నాయి. నువ్వు బాగున్నావని మొన్న శుక్రవారం కళ్ళారా చూసినాను కాబట్టి అడగడం లేదు.

ఫోన్ చేయకుండా జాబు ఎందుకంటే, ఫోన్లో నేను రెండు మాటలు అనేలోపల నువ్వు ఇరవై అంటావు. చివరికి నేను "సరేలే బావా" అని పెట్టేస్తాను. మొన్నటి పదకొండు మందీ ఆ "సరేలే"లో నుంచి వచ్చినవాళ్ళే. జాబులో నువ్వు నాకు అడ్డం రాలేవు. మతీన్ ఇక్కడి డెయిరీ నుంచి వారానికి రెండుసార్లు ఖోబర్‌కు పాల లారీ తోలుకొస్తాడు కదా, జవాబు అతని చేతికే ఇయ్యి.

నలుగురం వస్తామన్నావు. రెండు వ్యాన్లు వచ్చినాయి. దిగీ దిగకముందే ఒకాయన నన్ను పట్టుకొని "అన్నా, ఇది నిజం గుర్రమేనా, మా ఊర్లో పెండ్లిగుర్రం దీనికంటే ఎత్తుంటది" అన్నాడు. అరబ్బీ గుర్రం ఇంతే ఉంటుందని చెప్పినాను. నమ్మలేదు. నీ షాపు పక్కన ఏసీలు బాగుచేసే ఆయన మగగుర్రం వెనక నిలబడి చప్పట్లు కొట్టినాడు. ఆయన ఇంకా నడుస్తున్నాడంటే అల్లా దయ. ఇంకొకరు రెండు గుర్రాలకు గులాబ్‌జామూన్ తినిపించినారు. వాటికి కడుపునొప్పి వచ్చి, శనివారమంతా నేను వాటిని నడిపిస్తూనే ఉన్నాను. ఎవరో చొక్కాలు ఉతికి తెల్లకంచె మీద ఆరేసినారు. పక్క మజ్‌రా తోటవాళ్ళు వచ్చి "మీ యజమాని బట్టల వ్యాపారం పెట్టినాడా" అని అడిగినారు.

ఆ పెద్ద బావుల దగ్గరికి తీసుకపోతే "నీళ్ళేవి" అని నన్ను అడుగుతారు. ఎండిపోయి ఎన్నో ఏండ్లయింది. నేను తాగలేదు.

మా యజమాని, కఫీల్ సాలెహ్ మంచివాడు కాబట్టి ఏమీ అనలేదు. వాళ్ళ నాయన అబూ సాలెహ్ అయితే ఖహ్వా కాఫీ పోసి కూర్చోబెట్టినాడు. వాళ్ళు మర్యాద చేసినారని మనం ఇల్లు కట్టుకోకూడదు.

అసలు సంగతి ఇది. రీమ్ అనే తెల్లగుర్రాన్ని చూసినావు కదా. తొమ్మిదిన్నర నెలల చూలుతో ఉంది. ఫిబ్రవరి ఆఖరుకు ఈనుతుంది. పోయినసారి దానికి పిల్ల నిలవలేదు. ఈసారి నిలవాలి. దానికి గోల పనికిరాదు, కొత్త మనుషులు పనికిరారు. అది ఈనేదాకా నువ్వు ఎవరినీ పిలుచుకొని రావద్దు. నువ్వూ రావద్దు.

నీ బామ్మర్ది,
పీర్ సాహెబు

మీవాళ్ళలో ఎవరిదో ఎడమకాలి చెప్పు లాయంలో దొరికింది. సగం ఉంది. తక్కిన సగం గుర్రం తినింది.


అజీజియా, అల్ ఖోబర్,
9 జనవరి

పీరూ అబ్బీ, సలాం.

నీ జాబు షాపులో అందరికీ చదివి వినిపిచ్చినా. నవ్వీ నవ్వీ ఏసీ ఆయనకు పొలమారింది. ఇంత ముచ్చటగా రాసేవానివి, ఎదురుగా ఉంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఉంటావే! ఆ చెప్పు నాదే. కొత్తది.

రావద్దు రావద్దని రెండుసార్లు రాసినావు. నీ మర్యాద నాకు తెల్దా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. అన్నం తింటావా అంటే వద్దంటావు, కడుపులో ఎలకలు పరిగెత్తుతాంటాయి. ఆ పొద్దు పదకొండు మందికి ప్లేట్లు చాల్లేదని నువ్వు చిన్నబుచ్చుకున్నావని నాకు అప్పుడే అర్థమైంది. ఈసారి వంట మేమే తెస్తాం. ప్లేట్లు గూడా తెస్తాం. నువ్వు గమ్మున కూర్చొని తిను.

ఈ అజీజియాలో మీ గుర్రాల సీమ సంగతి తెలియనివాడు ఇప్పుడు లేడు. నీకేం తెలుసప్పా, ఈడ మాకు సముద్రం, సిమెంటు తప్ప ఏముండాయి? తెల్లారి బయల్దేరితే, హుఫూఫ్ దాటినాంక అంతా ఇసుకే. కండ్లు మండుతాయి. ఆమీట ఉన్నట్టుండి ఆ గుండ్రటి పచ్చచేలు, ఖర్జూరపు తోటలు, తెల్లకంచెలు, కంచె లోపల గుర్రాలు! వ్యాన్లో అందరూ ఒక్కసారి "హా" అన్నారు. పెండ్లికొచ్చినట్టు అనిపిచ్చింది.

కాబట్టి వచ్చే శుక్రవారం, పదహారో తేదీ వస్తాండాం. గుంపు కాదు, పెద్దమనుషులు. నా దగ్గర బట్టలు కుట్టిచ్చుకునే హైదరాబాదు సారు, ఆయన భార్య జాహెదా బేగం, నేను వాళ్ళ కారులో, ఇంకా వ్యాన్లో వాళ్ళ చుట్టాలు కొందరు. బేగంగారి దగ్గర మంచి కెమెరా ఉండాది. ముందు బావులు, తర్వాత మట్టికోట, పాల డెయిరీ, ఇసుకదిబ్బలు, ఆఖరుకు నీ రీమ్. రీమ్‌ను చూడాలనే ఆమె వస్తాండాది. చూలుతో ఉండే గుర్రాన్ని చూస్తే మంచిదని కూడా అన్నది.

అదొకటి అడగాలనుకొని మర్చిపోయినా. ఆ రీమ్ మొహానికి అంత వెడల్పు తోలుపట్టీ ఎందుకు కట్టినావు? కొట్టంలో ఉన్నప్పుడూ తియ్యవా? తక్కిన గుర్రాలకు సన్నవే ఉండాయే. మా నాయన ఉంటే ముందు ఆ పట్టీ ఊడదీసి, దాని కింద ఏముందో చూసి, ఆ తర్వాతే కూర్చునేవాడు. గుర్రాల దళారి కదా, సంతలో ఎవుర్నీ నమ్మేవాడు కాదు.

మీ అక్క బీబీజాను జాబు రాసింది. "నా తమ్ముడు జొన్నరొట్టె తింటాండాడా, ఆ అరబ్బు రొట్టెలే తింటాండాడా" అని అడిగింది. నువ్వు చిక్కిపోయినావని రాయలేదులే.

నీ బావ,
అల్లాబకాష్


అల్ ఖర్జ్,
18 జనవరి

బావా,

సలాం రాస్తే నిష్ఠూరం తగ్గుతుందని రాయలేదు.

శుక్రవారం మీ వ్యాను దిబ్బల మీద దిగబడిందని నువ్వు నన్ను పిలిపించినావు. నువ్వూ బేగంగారూ సారు కారులో లాయం దగ్గరికి వచ్చినారు, నేను ట్రాక్టరు తీసుకొని దిబ్బలకు పోయినాను. గంటంపావు లాగినాను. వ్యాన్లో ఉన్నవాళ్ళు దిగమంటే దిగలేదు, ఇసుక వేడిగా ఉందంట. జనవరిలో.

తిరిగొచ్చేసరికి రీమ్ మొహంపట్టీ గడ్డిమీద పడి ఉంది. "ఖాలీ మొహంతో ఒక ఫోటో తీద్దాం" అని బేగంగారు అన్నారంట, నువ్వు విప్పినావంట. అంతటితో ఆగి ఉంటే నేను ఏమీ అనకపోదును. నువ్వు అబూ సాలెహ్ ముందర నిలబడి, రీమ్ కుడికంటి కింద వేలు పెట్టి చూపించి, అదే వేలితో నీ బుగ్గమీద కన్నీళ్ళు కారినట్టు గీస్తున్నావు. నీకు వచ్చిన అరబ్బీ మొత్తం నలభై మాటలు. వాటిల్లో "ఇల్లు", "ఏడుపు" ఉండటం నా నసీబు.

కన్నీటి సుడి. నాకు తెలుసు. నాలుగేండ్ల కిందట దాన్ని లారీలో నుంచి దించిన రోజే చూసినాను. జట్కా ఇంట్లో పుట్టినవాడికి గుర్రం మొహం మీద ముందు కనపడేది వెంట్రుకల సుడులే కదా. కంటి కింద సుడి ఉంటే యజమాని ఇల్లు ఏడుస్తుందని మీ నాయన చెప్పంగా విన్నాను. ఎప్పుడు విన్నానో నీకు గుర్తుచేయాల్సిన పని లేదనుకుంటాను. అయినా చేస్తాను.

మా నాయన జట్కాకు కట్టే రాణికి కూడా అదే చోట అదే సుడి. ప్రొద్దుటూరు స్టేషన్ రోడ్డులో అంత నమ్మకమైన గుర్రం ఇంకొకటి లేదు. మీ నాయన ఇంటికి వచ్చి, చాయ్ తాగి, సుడి చూసి, "దీన్ని ఉంచుకుంటే ఈ ఇంట్లో శవం లేస్తుంది" అని పోయినాడు. మా అమ్మ మూడు రోజులు అన్నం వండలేదు. నాయన దాన్ని బళ్ళారి వాళ్ళకని తెగనమ్మినాడు. సంత దాకా తాడు పట్టుకొని నడిపించుకపోయింది నేను. ఆ తర్వాత నాయన గానుగలో కూలికి పోయినాడు. నేను ఐదో తరగతిలో బడి మానినాను. నువ్వు మా అక్కను చేసుకున్నప్పుడు కూడా ఈ మాట నేను ఎత్తలేదు.

అందుకే రీమ్‌కు ఆ పట్టీ కుట్టినాను. మూడు వేళ్ళ వెడల్పు, సరిగ్గా సుడి మీదికి వచ్చేటట్టు. నాలుగేండ్లు రోజూ పొద్దున మొహం తడిపి, వెంట్రుకలు కిందికి దువ్వి, పట్టీ కట్టినాను. సుడిని నమ్ముతానో లేదో నాకే తెలియదు. కప్పిపెట్టినానంటే నమ్మినట్టే అని నువ్వు అంటావు. అను.

ఇప్పుడు విను. నిన్న సాలెహ్ వచ్చినాడు. శకునాలు నమ్మకూడదని వాళ్ళ నాయనకు తెలుసు, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. కానీ ఆయన భార్య పోయి రెండేండ్లు కాలేదు. రీమ్ ఈ మజ్‌రాకు వచ్చిన తర్వాతే పోయింది. "దీనివల్లనేనా" అని పొద్దుటి నుంచీ అడుగుతున్నాడంట. ఖహ్వా ముట్టలేదు. రీమ్‌ను అమ్మేయమన్నాడు. హుఫూఫ్ నుంచి ఒకాయన ఫిబ్రవరి 20న లారీ తీసుకొని వస్తాడు.

అప్పటికి అది నిండు చూలుతో ఉంటుంది. ఆ లారీలో అన్ని వందల కిలోమీటర్లు నిలబడితే పిల్ల దక్కదు. రీమ్ దక్కుతుందో లేదో కూడా చెప్పలేను.

మీ ప్లేట్లు ఆరు ఇక్కడే ఉన్నాయి.

పీర్ సాహెబు


అజీజియా, అల్ ఖోబర్,
24 జనవరి

పీర్ సాహెబుకు,

నువ్వు సలాం రాయకుంటే నేనూ రాయను. కానీ పెద్దవాణ్ణి కాబట్టి రాస్తాండా. సలాం.

నేనేం తప్పు చేసినా? ఖహ్వా పోసి, ఖర్జూరం చేతిలో పెట్టి, "ఎట్లుండాది మా గుర్రం" అని ఆ ముసలాయన అడిగితే, తెలిసిన మాట చెప్పినా. ఉప్పు తిన్న ఇంట్లో సుడి దాచిపెట్టేది మర్యాదనా, చెప్పేది మర్యాదనా? నువ్వు నాలుగేండ్లు కఫీల్ కండ్లకు గంతలు కట్టినావు. రేపు ఆయనే కనిపెట్టింటే నీ ఇకామా కార్డు చించి, పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపిచ్చేవాడు. నేను ముందే చెప్పి నిన్ను కాపాడినా. నువ్వు నాకు రెండు మంచిమాటలు రాస్తావనుకుంటే, చచ్చిపోయిన మా నాయనను తవ్వి తీసినావు.

మా నాయన సంగతి ఇంగ ఎత్తొద్దు. అమ్మింది మీ నాయన. కాళ్ళు చేతులు కట్టి అమ్మిచ్చినారా ఎవరన్నా?

ఒక గుర్రం పోతే పన్నెండులో పదకొండు ఉంటాయి కదప్పా. ఆ హుఫూఫ్ ఆయనేమన్నా దాన్ని కోసుకొని తింటాడా? నీకు గుర్రం ఎక్కువనా, అక్క మొగుడు ఎక్కువనా? ఆలోచించి రాయి.

బేగంగారి ఫోటోలు కడిగిచ్చి వచ్చినాయి. ఒకటి నీకు పంపిస్తాండా. చాలా బాగా వచ్చింది. సుడి కూడా స్పష్టంగా పడింది.

అల్లాబకాష్


అల్ ఖర్జ్,
5 ఫిబ్రవరి

బావా, సలాం.

ఆలోచించి రాయమన్నావు. పన్నెండు రోజులు ఆలోచించినాను.

ఫోటో ముట్టింది. పెట్టె అడుగున పెట్టినాను.

బక్రీదు నమాజుకు పోయినాను. అబూ సాలెహ్ నా పక్కనే నిలబడినాడు. ఎప్పుడూ భుజం తట్టేవాడు, ఈసారి తట్టలేదు. రీమ్ కొట్టం వైపు నడవటమే మానేసినాడు. ముసలమ్మ ఉన్నప్పుడు సాయంత్రం సాయంత్రం గోడ మీదుగా దానికి ఒక ఖర్జూరం పెట్టేది. ఆమె పోయినాక ఆయన పెట్టేవాడు. నువ్వు వచ్చిపోయిన రోజు నుంచీ ఎవరూ పెట్టడం లేదు. అది గోడ దగ్గరికి పోయి నిలబడుతుంది. తర్వాత వచ్చేస్తుంది.

నీ దగ్గర ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు బట్టలు కుట్టేవాడివని, గుర్రాల సంగతి నీకేమీ తెలియదని, నవ్వులాటకు అన్నావని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. ఇరవయ్యో తేదీ లోపల నాకు అందాలి. నేను ఆయనకు అరబ్బీలో చెప్తాను.

గుర్రం ఎక్కువనా నువ్వు ఎక్కువనా అన్నావు. అట్లాంటివి అడగకు.

పీర్ సాహెబు


అజీజియా, అల్ ఖోబర్,
12 ఫిబ్రవరి

పీరూ,

నీ జాబు చదివి నాలుగు రోజులు మిషను తొక్కలేదు. ఒక షేకు పైజామా ఎడమకాలు కుట్టినా, కుడికాలు అట్లే ఉండాది. ఆయన వచ్చి అరిచి పోయినాడు.

నువ్వడిగిన కాగితం దీంతో పాటే ఉండాది. సంతకం పెట్టినా. అయితే అబ్బీ, అది రాసేటప్పుడు నాకే సిగ్గేసింది. ఆ కాగితం నిజం కాదు. నిజం ఇంగోటి ఉండాది. ఇరవై ఐదేండ్ల నుంచి నోట్లో పెట్టుకొని తిరుగుతాండా. ఇప్పుడు చెప్పకుంటే ఇంగ చెప్పలేను.

మీ రాణి బళ్ళారి పోలేదు.

జమ్మలమడుగులో ఒక నూనెమిల్లు ఆయన ఉండె. స్టేషన్ కాడ మీ రాణిని చూసి మనసుపడినాడు. మీ నాయనను అడిగిస్తే "బిడ్డను అమ్ముకుంటామా" అన్నాడంట. అప్పుడు ఆయన మా నాయనను పట్టుకున్నాడు. మా నాయన మీ ఇంటికొచ్చి చాయ్ తాగి ఆ సుడి మాట చెప్పింది అందుకే. సంతలో కొన్న బళ్ళారి వాళ్ళు ఎవరూ లేరు. మిల్లు ఆయన మనిషే ఆ తాడు నీ చేతిలో నుంచి తీసుకున్నాడు. నేను కొంచెం దూరంలో ఒంటెద్దు బండి వెనక నిలబడి చూస్తాంటి. నువ్వు ఏడవలేదు. తాడు ఇచ్చేసి, అరచెయ్యి చొక్కాకు తుడుచుకున్నావు. అది నాకు ఇప్పటికీ కనపడతాది.

రాణి ఆ మిల్లు ఆయన ఇంట్లో పదకొండేండ్లు బతికింది. నాలుగు పిల్లలను పెట్టింది. వాళ్ళింట్లో పెండ్లిళ్ళు జరిగినాయి గానీ, ఏ శవమూ లేవలేదు. మిద్దెమీద మిద్దె కట్టినారు. నేను బట్టల మూటలెత్తుకొని జమ్మలమడుగు పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. నన్ను చూస్తే చెవులు నిక్కించేది. మీ అక్కను చేసుకునేముందు మీ నాయనకు చెప్పాలనుకున్నా. చెప్తే పిల్లనిస్తాడా? చేసుకున్నాంక చెప్పాలనుకున్నా. చెప్తే ఇంట్లో ఉండనిస్తాదా మీ అక్క? అట్లా పోయినాయి ఏండ్లు.

మరి ఇంత తెలిసినోనివి ఆ ముసలాయన ముందర ఎందుకు కూసినావురా అంటావు. అడుగు. నేనూ అడుక్కున్నా. సంతలో మా నాయన గుర్రం మొహం మీద చెయ్యి వేసి మాట్లాడతాంటే యాభైమంది నోరు తెరుచుకొని వినేవాళ్ళు. నా మాట ఎవరు వింటారప్పా? నడుము ముప్పై నాలుగు అని చెప్తే కూడా "ఇంగోసారి కొలువు" అంటారు. ఆ పొద్దు పట్టీ తీయంగానే అదే సుడి, అదే చోట. ముసలాయన ఖహ్వా పోసి, నా మొహంలోకి చూస్తాండాడు. మా నాయన మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఒక పది నిమిషాలు నేనే మా నాయనను అయినా. అంతే. ఇంకేమీ లేదు.

ఇన్నిసార్లు మీ దగ్గరికి ఎందుకు ఎగబడి వస్తాండానో కూడా విను. బావులూ లేదు, కోటా లేదు. ఊర్లో ఆటోలొచ్చినాంక గుర్రం వాసన ముక్కుకు తగిలి పదేండ్లు దాటింది. ఒక్కణ్ణే వస్తే "ఎందుకొచ్చినావు" అంటావని జనాన్ని వెంటేసుకొని వస్తాండా.

కాగితం వినిపిస్తావో, ఈ జాబు వినిపిస్తావో నీ ఇష్టం. అక్కకు రాయాలనుకుంటే అదీ రాయి.

అల్లాబకాష్


అల్ ఖర్జ్,
1 మార్చి 2004

బావ అల్లాబకాషుకు పీర్ సాహెబు సలాం.

నేను బాగున్నాను. పదమూడు గుర్రాలూ బాగున్నాయి.

వరుసగా రాస్తాను. 20వ తేదీ శుక్రవారం నమాజు తర్వాత హుఫూఫ్ లారీ వచ్చింది. నేను నీ కాగితం ఒక జేబులో, నీ జాబు ఒక జేబులో పెట్టుకొని అబూ సాలెహ్ దగ్గరికి పోయినాను. ఏది తీయాలో అక్కడికి పోయేదాకా తెలియలేదు. రెండూ తీయలేదు. "ఆ సుడి సంగతి నాకు నాలుగేండ్ల నుంచీ తెలుసు, నేనే కప్పిపెట్టినాను" అని చెప్పినాను. సాలెహ్ నిలబడినవాడు కూర్చున్నాడు.

ముసలాయన "ఎందుకు కప్పినావు" అన్నాడు. మా రాణి సంగతి చెప్పాల్సి వచ్చింది. నాకు అంత అరబ్బీ ఉందని నాకే తెలియదు. జమ్మలమడుగు వరకూ చెప్పినాను. నీ పేరు చెప్పలేదు, ఒక దళారి కొడుకు అన్నాను.

ఆయన "నువ్వు రోజూ రాసే పుస్తకం తే" అన్నాడు. నేను రోజూ గుర్రాల సంగతి రాసిపెడతాను కదా, ఏది ఎంత మేసింది, దేనికి లాడాలు మార్చినారు, ఏది దగ్గింది. నాలుగేండ్లవి నాలుగు పుస్తకాలు తెచ్చినాను. "సాలెహ్ వాళ్ళ అమ్మ పోయిన రోజు ఏం రాసినావు" అని అడిగినాడు. వేలు తడిపి ఆ పేజీ తీసినాను. ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పినాను.

"పెద్దమ్మ పొద్దున పోయింది. లాయంలో అందరం కబరస్తానుకు పోయి వచ్చినాము. రీమ్ సాయంత్రం గోడ దగ్గర నిలబడింది. పిలిస్తే రాలేదు. మేత ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు."

మరుసటి రోజు ఏముందని అడిగినాడు. "రీమ్ గోడ దగ్గరే. మేత లేదు." ఆ మరుసటి రోజు. "గోడ దగ్గరే. చేత్తో పెడితే రెండు పిడికిళ్ళు తినింది." ఆరో రోజు దాకా చదివించినాడు. ఆరో రోజు అది మామూలుగా తినింది.

లారీ ఆయన బయట హారన్ కొడుతున్నాడు.

ముసలాయన సాలెహ్‌తో అన్న మాట నాకు వచ్చినంతలో రాస్తున్నాను. "ఇంట్లో ఏడ్చినవాళ్ళం ఎంతమందిమి ఉన్నాం? మూడో రోజుకు నీ పెళ్ళాం టీవీ పెట్టింది. ఇది ఆరు రోజులు తినలేదు. అమ్మాల్సింది దీన్నా?" సాలెహ్ తల వంచుకున్నాడు. ముసలాయన లేచి, తానే బయటికి పోయి, ఇంత దూరం వచ్చినందుకు లారీ ఆయనకు ఒక బుట్టెడు ఖర్జూరం ఇచ్చి పంపించినాడు. బుట్టలో నుంచి ఒకటి తీసి చేతిలో పెట్టుకున్నాడు. గోడ దగ్గరికి పోయినాడు. నేను వెంట పోలేదు.

రీమ్ 25న పొద్దున ఈనింది. ఆడపిల్ల. గంటకు లేచి నిలబడింది. కాళ్ళు మరీ పొడుగు, ఏ కాలు ముందు వేయాలో దానికి తెలియడం లేదు.

జమ్మలమడుగు సంగతి చదివినాను. రెండుసార్లు చదివినాను. పదకొండేండ్లు బతికిందని, నాలుగు పిల్లలని రాసినావు. ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే నేను ఇన్నేండ్లు మనసులో దాన్ని చంపుకొని ఉండేవాణ్ణి కాదు. నిన్ను తిట్టాలని ఒక పేజీ రాసినాను. చింపేసినాను. ఇంకొకటి రాసినాను. అది చింపలేదు, పెట్టెలో ఫోటో పక్కన ఉంది. అవసరమైనప్పుడు పంపిస్తాను. అక్కకు రాయను. అది నీ పని.

ఇప్పుడు నా తలనొప్పి విను. ముసలాయన నిన్ను పంపించమంటున్నాడు. తక్కిన పన్నెండింటి సుడులూ నీతో చూపించాలంట. ఆ దళారి కొడుకు నువ్వేనని ఆయనకు ఎవరు చెప్పినారో తెలియదు, నేనైతే చెప్పలేదు. "ఆయన బట్టలు కుట్టేవాడు, గుర్రాల సంగతి తెలియదు" అని చెప్పినాను. నీ కాగితం అట్లా పనికొచ్చింది. "అయితే పిల్లకు చలికి వీపుగుడ్డ కుట్టమను" అన్నాడు. ఇంకొక నెలలో ఇక్కడ చలి ఉండదు. అయినా ఆయన మాట. కొలతలు వెనక పేజీలో రాసినాను. ఇంకోసారి కొలవాల్సిన పని లేదు, నేను రెండుసార్లు కొలిచినాను.

గుడ్డ తీసుకొని 12వ తేదీ శుక్రవారం రా. ఒక్కడివే రా. ఎందుకొచ్చినావని అడగను. వ్యాను వద్దు, మతీన్ ఖాళీ క్యాన్లు తీసుకొని వచ్చేటప్పుడు లారీలో ఎక్కించుకొస్తానన్నాడు. స్వీట్లు తేవద్దు. మంచి చెప్పులు వేసుకొని రావద్దు. ఎవరు ఖహ్వా పోసినా తాగి, కప్పు కిందపెట్టి, నోరు మూసుకొని కూర్చో. మీ ఆరు ప్లేట్లు తీసుకపో.

రీమ్ మొహంపట్టీ కోసి సన్నం చేసినాను, తక్కిన గుర్రాల పట్టీల మాదిరే. సుడి ఇప్పుడు అందరికీ కనపడుతుంది. మొన్న శుక్రవారం పక్క మజ్‌రా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇరవైమంది మా కంచె దగ్గరికి వచ్చి నిలబడినారు, ఫోటోలు తీసుకున్నారు, నన్ను పక్కకు జరగమన్నారు. ఒక్కరూ రీమ్ మొహం చూడలేదు. అందరూ పిల్లనే చూసినారు.

నీ బామ్మర్ది,
పీర్ సాహెబు